ఏడుకీ పన్నెండుకీ ఒకే సీటు

తనిఖీ వాళ్లు వచ్చేలోగా కావలసిన పనులు:

ఒకటి. పన్నెండో నంబరు డంపరుకు కొత్త డబ్బా బిగించాలి. దాని సెట్టింగుల కార్డు మొదటినుంచి రాయక్కర్లేదు, ఏడో నంబరుది కాపీ చేసి నంబరు మారిస్తే చాలు.

రెండు. మూడో మలుపు దగ్గర డబ్బాలు ఎంత దూరం వినగలవో కొలవాలి.

మూడు. బజరు మోగితే ఏం చేయాలో డ్రైవర్లకు మళ్లీ చెప్పాలి. బాబాయ్‌కి ఇంట్లోనే చెప్పాలి.

నాలుగు. నీళ్ల ట్యాంకరు డబ్బాలో పసుపు దీపం ఊరికే మిణుకుతోందట. దీపం మార్చాలి.

ఐదు. ట్యాంకరు ట్రిప్పు షీట్లు ఫైలులో పెట్టాలి.

ఆరు. బూట్లకు లేసులు.

నాలుగోది తప్ప అన్నిటి పక్కనా టిక్కులు పడ్డాయి. లేసుల పక్కన కూడా పడింది.

ఆ జాబితా రాసుకున్న మనిషి ఇంట్లో చిట్టి, క్వారీలో డబ్బా మేడం. ఇంటిల్లిపాదిలోనూ కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి. అందుకేనేమో ఏ పనైనా కాగితం మీద పెట్టుకుని, చేసి, టిక్కు కొడితే తప్ప ఆమెకు నిద్ర పట్టదు.

ఆ క్వారీ పెద్ద గిన్నెలా ఉంటుంది. అడుగున రాయి తవ్వే చోటు, పైన రాయి నలగ్గొట్టే క్రషరు. రెంటికీ మధ్య గిన్నె గోడను చుట్టుకుంటూ పాకే మట్టిరోడ్డు, దానికి ఏడు మలుపులు. మలుపు అవతల ఏ బండి వస్తోందో ఇవతలివాడికి కనబడదు. ఫోను సిగ్నలు గిన్నె అంచు దాటి కిందికి దిగదు. అందుకే మధ్యలో ఏ టవరూ అక్కర్లేకుండా బండ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేలా ప్రతిదానికీ ఒక రేడియో డబ్బా పెట్టారు. "నేను ఫలానా నంబరు, ఫలానా చోట ఉన్నాను, ఇంత వేగంతో వస్తున్నాను" అని ఆ డబ్బా సెకనుకు పదిసార్లు చెబుతుంది. ఎదురుబండి దగ్గరపడితే ఎర్రదీపం వెలిగి బజరు మోగుతుంది. అక్కడ మాట ఆలస్యమైతే అది మాట కిందే లెక్క కాదు. రాయి నింపుకున్న డంపరు ఆగడానికి తీసుకునే దూరం చూసినవాళ్లకు అర సెకను ఖరీదు తెలుస్తుంది.

ఆ మాటలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూడడమే చిట్టి ఉద్యోగం. నెల కిందట షెడ్డులో డ్రైవర్లను కూర్చోబెట్టి ఆ సంగతే చెప్పింది.

"టైముని చిన్న చిన్న గళ్లుగా కోశాం. ఒక్కో గడిలో ఒక్క బండే మాట్లాడాలి. ఏ గడి ఎవరిదో పంచిపెట్టడానికి పైన ఎవరూ లేరు. కాబట్టి ప్రతి డబ్బా ముందు ఒక సెకను ఊరికే వింటుంది. ఏ గళ్లు నిండాయో, ఏవి ఖాళీయో చూసుకుంటుంది. ఖాళీవాటిలో పాచిక వేసి ఒకటి ఎంచుకుంటుంది. కాసేపు దాన్నే అట్టిపెట్టుకుంటుంది. తర్వాత మళ్లీ పాచిక వేస్తుంది."

"అంటే బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు," అన్నాడు వెనక బల్ల మీదినుంచి ఏడో నంబరు డ్రైవరు. ఆయనే చిట్టికి బాబాయ్, నాన్న తమ్ముడు. ఆమె ఉంటున్నది ఆయన ఇంట్లోనే.

షెడ్డంతా గొల్లుమంది.

"సరిగ్గా అంతే బాబాయ్."

"మరి రెండు కిటికీల్లోంచి ఇద్దరూ ఒకే సీటు మీద వేస్తేనో?"

"పాచిక కదా, అలా పడడం అరుదు. పడినా మళ్లీ వేసుకున్నప్పుడు విడిపోతాయి."

"ఈలోగా జుట్టూ జుట్టూ పట్టుకోవా?"

"పట్టుకోవు. రెండో మనిషి కూర్చున్నట్టు మొదటి మనిషికి తెలియనే తెలియదు. ఈ డబ్బా మాట్లాడేటప్పుడు చెవులు మూసుకుంటుంది. మాట్లాడడం, వినడం రెండూ ఒకేసారి దానికి చేతకాదు."

"మా ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటుంది," అన్నాడు బాబాయ్.

"ఈ మాట పిన్నికి చెప్తాను," అంది చిట్టి. షెడ్డు మళ్లీ గొల్లుమంది. ఆ రోజునుంచి క్వారీలో గడి అనే మాటే పోయింది. అందరూ సీటు అనే అంటారు.

తనిఖీ వాళ్లు సోమవారం వస్తారనగా, గురువారం పొద్దున పదకొండు కావస్తుండగా, మూడో మలుపులో రెండు డంపర్లు ఎదురుపడ్డాయి. ఖాళీగా దిగుతున్నది ఏడు. రాయి నింపుకొని ఎక్కుతున్నది పన్నెండు. ముందు పోయిన బండి లేపిన దుమ్ము ఇంకా దిగలేదు. ఒకదాన్ని ఒకటి చూసుకునేసరికి మధ్యలో ఇరవై అడుగులు కూడా లేవు. బాబాయ్ స్టీరింగు మొత్తం ఒక పక్కకు కోసేశాడు. ఏడు మట్టికట్ట ఎక్కి, ముందు చక్రం విరుచుకొని, ఒరిగి ఆగింది. పన్నెండు డ్రైవరు, అందరూ గడ్డం అని పిలిచే మనిషి, బ్రేకు తొక్కిన ఊపుకు తలుపుకు కొట్టుకున్నాడు. మోచేతి ఎముక చిట్లింది. ప్రాణాలు దక్కాయి.

రెండు డబ్బాల్లో ఒక్కదానికీ ఎర్రదీపం వెలగలేదు. ఒక్క బజరూ మోగలేదు.

చిట్టి పరుగున దిగి వచ్చేసరికి బాబాయ్ ఒరిగిన క్యాబిన్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గీత పడలేదు. ఆమె పిలవబోతుండగానే ఆయన చెయ్యి లోపలికి వెళ్లింది. డబ్బా మీదినుంచి ఏదో లాగింది. ఉండ చుట్టి జేబులో కుక్కుకుంది. అప్పుడు తల తిప్పి ఆమెను చూశాడు.

"ఏంటి బాబాయ్ అది?"

"ఏది?"

"జేబులో పెట్టుకున్నది."

"కర్చీఫు. చెమట తుడుచుకున్నా. చెమట కూడా నీ డబ్బా రాసుకుంటుందా ఏంటి?"

ఆమె డబ్బా వైపు చూసింది. బజరు రంధ్రాల చుట్టూ దుమ్ము లేదు. డబ్బా అంతా బూడిదలో ముంచినట్టు ఉంటే అక్కడ ఒక్క చోటే, గుడ్డ కప్పినంత మేర, నల్లగా నిగనిగలాడుతోంది. యాంటెనా బిగించే మర రెండు చుట్లు వదులుగా ఉంది.

ఆమె ఆ మరను వేలితో తిప్పి చూసింది.

డబ్బా పెట్టిన మొదటి రోజునుంచీ బాబాయ్‌కి అదంటే కంట్లో నలుసే. "ఇరవై ఆరేళ్లుగా ఈ రోడ్డు తొక్కుతున్నా. ఇప్పుడు చెవిలో ఈ జోరీగ ఒకటి," అని ఇంట్లో సణిగేవాడు. "ఏదో ఒక రోజు దాని తీగ పీకి పారేస్తా చూడు," అని కూడా అన్నాడు. అన్నప్పుడు నవ్వాడు. అది నవ్వుతాలుకే అన్నాడా అని ఇప్పుడు కదా ఆలోచించాల్సి వస్తోంది.

షిఫ్టు మేనేజరు తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు. టేబులు మీద పన్నెండో నంబరు డబ్బా ఉంది. ఆమె చేయి చాచేలోపే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఎందుకు సార్?"

"ఊరికే. జాగ్రత్త." తాళం చెవి జేబులో వేసుకున్నాడు. "ఏడో నంబరు డ్రైవరు మీ బాబాయే కదా?"

"అవును సార్."

"రిపోర్టు నువ్వే రాస్తావా, బయటినుంచి ఇంకో ఇంజనీరుని పిలిపించమంటావా?"

అది ప్రశ్న కాదని ఆమెకు తెలుసు. "నేనే రాస్తాను సార్."

"శనివారం పొద్దున పదింటికి నా టేబులు మీద ఉండాలి. డ్రైవరు తప్పయితే పర్మిట్ రద్దు. మళ్లీ ఏ క్వారీలోనూ స్టీరింగు పట్టనివ్వరు. డబ్బా తప్పయితే సోమవారం తనిఖీ వాళ్ల ముందు మనందరి తలలూ వంగుతాయి." కుర్చీ వెనక్కి జరిపాడు. "రాసేటప్పుడు చెయ్యి వణికితే కాగితం మీద కనబడుతుందమ్మా."

ఆ మాట ఆమె వెంటే నడిచింది. బంధువు కాబట్టి వెనకేసుకొచ్చింది అనిపించుకోకూడదు. ఆ పట్టుదలతోనే కంప్యూటరు ముందు కూర్చుంది.

ఏడో నంబరు డబ్బా తాను చెప్పాల్సినవన్నీ చెప్పినట్టే రాసుకుంది. కానీ అది సాక్ష్యం కాదు. యాంటెనా ఊడినా డబ్బాకు తెలియదు, గోడకు చెప్పినట్టు చెప్పుకుంటూ పోతుంది. మరి విన్నవాళ్లు ఎవరు? ఆ సమయంలో రోడ్డు మీద ఉన్నది నీళ్ల ట్యాంకరు. దాని చిట్టా తెరిచింది. ఏడు కోసం వెతికింది. పదీ నలభై ఏడు వరకు ఏడు మాట ట్యాంకరుకు చక్కగా వినబడింది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ప్రమాదం పదీ యాభై ఒకటికి. సరిగ్గా నాలుగు నిమిషాల ముందు ఏడు గొంతు తెగిపోయింది, ఎవరో చేత్తో తీగ పీకినట్టుగా.

ఆమె ఇంకేమీ వెతకలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బాబాయ్ తల ఎత్తడం లేదు. ఆయన చొక్కా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. జేబు చదునుగా ఉంది. కర్చీఫు అక్కడ లేదు. బయట ఉతికిన బట్టల్లోనూ లేదు. వచ్చీ రాగానే ఆమె రెండు చోట్లా చూసింది. చూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా చూసింది.

ఆయన కూడా ఆమెను చూస్తున్నాడు. ఆమె కంచంలోకి వంచిన తలనీ, పక్కన పెట్టుకున్న సంచీనీ, అందులోంచి కనబడుతున్న ఫైలునీ.

"రిపోర్టులో..." అన్నాడు ఆయన.

"ఆ కర్చీఫు..." అంది ఆమె.

రెండూ ఒకేసారి. ఇద్దరూ ఆగిపోయారు. కాసేపయ్యాక మళ్లీ ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. మళ్లీ ఆగిపోయారు.

"ఇద్దరూ ఒక్కసారే మొదలెడితే నాకేం అర్థమవుతుందర్రా?" అంది పిన్ని, వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆపి. "ఏదో చప్పుడు వినబడుతోంది అంతే. ఒకళ్లు ఆగి ఒకళ్లు ఏడవండి."

ఎవరూ ఏడవలేదు. బాబాయ్ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు ఒక పేజీ తయారైంది. "బజరును గుడ్డతో మూసినట్టు, యాంటెనాను డ్రైవరు వదులు చేసినట్టు ఆనవాళ్లు ఉన్నాయి" అనే వాక్యం దగ్గర ఆగింది. వాక్యం తప్పుగా లేదు. చెయ్యి వణకలేదు. సంతకం ఒక్కటే మిగిలింది. డైరీలోంచి పెన్ను తీయబోతే పాత జాబితా కాగితం జారి కింద పడింది. నాలుగో అంకె పక్కన టిక్కు లేదు.

చేయాల్సిన పని మిగిలి ఉంటే ఆమెకు ఇంకో పని సాగదు. సంతకం పెట్టడానికి మనసు రాక వెతుక్కున్న వంకేమో కూడా. డ్రాయరులోంచి కొత్త దీపం, చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్లింది.

ట్యాంకరు డ్రైవరును అందరూ జల్లు మామ అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఏడు మలుపుల మీదా నీళ్లు జల్లుకుంటూ తిరగడమే ఆయన పని. ఆయన మాట ఆయన ట్యాంకరు కంటే నిదానం. ఒక ముక్క అని, ఊపిరి పీల్చుకుని, రెండో ముక్క వెతుక్కుంటాడు. ఆలోగా వినేవాళ్లు మిగతాది తామే పూర్తి చేసి వెళ్లిపోతారు. ఆయన తలూపి ఊరుకుంటాడు.

"దీపం మార్చడానికి వచ్చా మామా. ఆలస్యమైంది, ఏమీ అనుకోకు."

"దీపం... బాగానే ఉందమ్మాయ్."

"మిణుకుతోందన్నావుగా?"

"మిణుకుతోందన్నాను." ఊపిరి పీల్చుకున్నాడు. "పాడైందని... నేననలేదు."

ఆమె స్క్రూడ్రైవరు డబ్బా మీద పెట్టింది, తీసింది. ట్యాంకరుది పాత రకం డబ్బా. దానికి మూడు దీపాలు. అర్థమైన మాట వినబడితే పచ్చ, దగ్గరపడితే ఎరుపు. పసుపు అంటే ఏదో వినబడింది గానీ ముక్క అర్థం కాలేదని. కొత్త డబ్బాల్లో ఆ పసుపు అనవసరమని తీసేశారు.

"మరి ఏమన్నావు మామా ఆ రోజు?"

ఆయన నీళ్లపైపు చుట్ట కింద పెట్టాడు. ఆమె ఈసారి మధ్యలో అందుకోలేదు. క్యాబిన్ తలుపుకు చేరగిలి నిలబడింది.

"ఏడు ఒక్కటీ పోతుంటే పచ్చ. పన్నెండు ఒక్కటీ వస్తుంటే... పచ్చ. రెండూ నా చుట్టుపక్కల పడ్డాయా... పసుపు. ఇంకే రెండు బండ్లకీ అలా లేదు. పన్నెండుకి కొత్త డబ్బా పెట్టిన కాడినుంచీ... చూస్తున్నా. నిన్న కూడా పసుపే. ఆ తర్వాత చప్పుడు వినబడింది."

"ఇదంతా నాకెప్పుడు చెప్పావు మామా?"

"చెప్తూనే ఉన్నానమ్మాయ్. నీకు ఫోనొచ్చింది. దీపం మారుస్తానని... రాసుకున్నావు."

ఏదో చప్పుడు వినబడుతోంది అంతే, అని గరిటె పట్టుకుని పిన్ని అన్న మాట చిట్టి చెవిలో గింగురుమంది. చేతిలో దీపం అలాగే పట్టుకుని కంప్యూటరు దగ్గరికి పరుగు తీసింది.

ట్యాంకరు చిట్టా మళ్లీ తెరిచింది. నిన్న వెతికింది ఏడు కోసమే. ఈసారి పన్నెండు కోసం వెతికింది. పదీ నలభై ఏడు వరకు పన్నెండు మాట పచ్చగా ఉంది. ఆ తర్వాత అదీ లేదు. ఏడు మాయమైన సెకనులోనే పన్నెండూ మాయమైంది. బాబాయ్ తన తీగ పీకితే గడ్డం బండి గొంతు ఎందుకు తెగుతుంది? పక్కనే అర్థం కానివాటి లెక్క ఉంది. సెకనుకు పది చొప్పున నాలుగు నిమిషాలు. రెండు వేల నాలుగు వందల సార్లు ఆ రెండు బండ్లూ "వస్తున్నా, వస్తున్నా" అని ఒకదానికొకటి గొంతు చించుకుని చెప్పుకున్నాయి. రెండూ ఒకే సీట్లో కూర్చుని, ఒకే క్షణంలో, చెవులు మూసుకుని. విన్నది మూడో బండి ఒక్కటే. దానికి వినబడింది ఉత్త చప్పుడు.

అరుదు అని షెడ్డులో తనే చెప్పింది కదా. మళ్లీ పాచిక వేస్తే విడిపోతాయని కూడా చెప్పింది. మరి రెండు వారాలుగా ఎందుకు విడిపోలేదు?

ఏడు కార్డు, పన్నెండు కార్డు పక్కపక్కన తెర మీద తెరిచింది. వరసకు వరస చూసుకుంటూ వచ్చింది. పై వరసలో బండి నంబరు మారింది. తనే మార్చింది. కింద ఎక్కడో పాచిక మొదలయ్యే అంకె అని ఒక వరస ఉంది. ఒక్కో డబ్బాకూ అది ఒక్కోలా ఉండాలి. అక్కడినుంచి లెక్క కట్టుకుంటూనే డబ్బా తన పాచికను వేస్తుంది. రెండు కార్డుల్లోనూ అదే అంకె. పొద్దున్నే సైరన్ కొట్టగానే పక్కపక్కన నిలబడ్డ రెండు బండ్లూ ఒకేసారి మేలుకుని, ఒకే ఖాళీలు చూసి, ఒకే పాచిక వేసుకుంటున్నాయి. ఎన్నిసార్లు మళ్లీ వేసుకున్నా ఒకే చోట పడుతోంది. కవల పిల్లల్లాగా. ఒకటి పైనా ఒకటి కిందా దూరంగా ఉన్నంతసేపే వేరే ఖాళీలు కనబడి విడిగా పడతాయి; దగ్గరికి రాగానే మళ్లీ ఒకే సీటు.

జాబితాలో మొదటి పని. పక్కన నిండుగా, ఒత్తి కొట్టిన టిక్కు.

కుర్చీలో కూలబడింది. ఎవరి తప్పో అని రెండు రోజులుగా ఊళ్లో అందరి జేబులూ వెతికిన మనిషి తన జేబు ఒక్కటి చూసుకోలేదు.

ఆమె సంగతి చెప్పి పన్నెండో డబ్బా అడిగితే, మేనేజరు బీరువా తీయడానికి ముందు ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. పన్నెండో డబ్బాను ఆమె చేతికివ్వలేదు. తానే మోసుకొచ్చాడు. ఏడో నంబరుది, పన్నెండో నంబరుది ట్యాంకరు ముందు నేల మీద పెట్టి ఒకేసారి స్విచ్ వేశారు. జల్లు మామ క్యాబిన్‌లో కూర్చుని దీపం చూస్తున్నాడు.

"పసుపు," అన్నాడు.

ఏడును ఆపేసింది.

"పచ్చ."

మళ్లీ రెండూ కలిపి. "పసుపు."

అప్పుడు పన్నెండు కార్డులో ఆ ఒక్క అంకె మార్చింది. ఇంకో డంపరు దేనికీ లేని అంకె వేసింది. స్విచ్ వేశారు. జల్లు మామ దీపం మీదినుంచి కళ్లు తీయలేదు. మేనేజరు అసహనంగా బూటు నేలకేసి కొడుతున్నాడు. చిట్టి తొందరపెట్టలేదు.

"పచ్చే... రెండూ పచ్చే."

మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. "ఇప్పుడు నీ తప్పని రాస్తావా?"

"నాదే సార్. రాస్తాను."

"నిన్న డబ్బా తప్పని ఒక్క మాటైనా అనలేదు. ఇవాళ తప్పు నాదంటున్నావు. రాత్రికి రాత్రి మీ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు? బాబాయ్‌ని కాపాడడానికి ఆ అంకె నువ్వే ఇవాళ మార్చి పెట్టలేదని ఎవరు నమ్ముతారమ్మా? కంప్యూటరు నీది, కార్డు నీది."

"పన్నెండో డబ్బా నిన్నటినుంచీ మీ బీరువాలోనే ఉంది కదా సార్."

"ఏడుది నీ దగ్గరే ఉంది కదా."

నిజం కూడా అబద్ధంలాగే కనబడుతున్నప్పుడు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. వెనకనుంచి జల్లు మామ గొంతు వినబడింది.

"షీట్లు... చూడండి."

"ఏం షీట్లు?" అన్నాడు మేనేజరు విసుగ్గా, తల తిప్పకుండానే.

"మీరాగండి సార్. ఆయన్ని చెప్పనివ్వండి," అంది చిట్టి. మేనేజరుతో ఆమె అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"ట్రిప్పు షీట్లు. పసుపు వెలిగిన ట్రిప్పుకల్లా... అంచున చుక్క పెట్టా. మరిచిపోతానని."

ఐదో పని. ఆ షీట్లన్నీ తన చేత్తోనే చిల్లులు పొడిచి ఫైలులో పెట్టింది. అంచున పెన్సిలు చుక్కలు చూసింది కూడా. నూనె మరకలనుకుంది. ఫైలు తెచ్చి ట్యాంకరు బానెట్ మీద పరిచారు. రెండు వారాల షీట్లు. ట్రిప్పు టైము, పక్కన చుక్క. వాటి పక్కన గేటు పుస్తకం పెట్టి ఏడు, పన్నెండు తిరిగిన టైములు చూసుకుంటూ వచ్చారు. మేనేజరు తానే వేలు పెట్టి చూశాడు. చుక్క ఉన్న ప్రతిచోటా రెండు బండ్లూ ఒకే పక్క ఉన్నాయి. చుక్క లేనిచోట ఏదో ఒకటి గిన్నె అంచు దాటి క్రషరు అవతల ఉంది, లేదా షెడ్డులో ఉంది. ఒక్కటీ తప్పలేదు. ప్రతి షీటు కిందా, అంచు చుక్కల మీదుగా పాకుతూ, ఏ రోజుకారోజు మేనేజరు వేసిన సంతకమే ఉంది. అది ఎవరూ నిన్న రాత్రి కూర్చుని పుట్టించలేరు.

మేనేజరు వేలు చాలాసేపు చివరి చుక్క మీదే ఉండిపోయింది. "పర్మిట్ జోలికి పోవద్దులే," అన్నాడు చివరికి. "నీకు మాత్రం మెమో తప్పదు."

"సరే సార్."

బాబాయ్ షెడ్డు వెనక, చక్రం ఊడదీసిన ఏడు పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా రాయి మీద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. ఆయన ఆమె పూర్తి చేసేదాకా ఆగాడు.

"నన్ను అనుమానించావు కదా?" అన్నాడు.

"అనుమానించాను బాబాయ్. నీ చొక్కా జేబు కూడా చూశాను."

"తెలుసు. నేనూ నిన్ను అనుమానించా." బోల్టు ఒకటి తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు. "నీ డబ్బా పేరు నిలబెట్టుకోవడానికి నా మెడకు ఉరి బిగిస్తావనుకున్నా. చదువుకున్నదాయె, ఎలా రాసినా అతుకుతుంది అనుకున్నా. రాత్రంతా అదే."

"కర్చీఫు ఏం చేశావు?"

"పొయ్యిలో పడేశా. బజరుకి కట్టానమ్మా, నిజమే. చెవిలో మేకు దిగినట్టుంటుంది. గుడ్డ కడితే వినబడదని కాదు, కాస్త మెత్తగా వినబడుతుందని. తీగ మాత్రం ముట్టలేదు. ఆ మర, గుద్దుకున్నప్పుడు వదులై ఉంటుంది."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"చెబుదామనే నోరు తెరిచా. నువ్వూ అప్పుడే తెరిచావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు కాదు. గడ్డం మోచేతికి కట్టు ఉంది. ఆ సాయంత్రం ఇద్దరూ అతని ఇంటికి వెళ్లారు. తప్పు ఎవరిదో చిట్టి అతని ముఖం మీదే చెప్పింది. అతను కట్టు మీద చెయ్యి వేసుకుని, "ఇంకో రెండడుగులు దగ్గరుంటే ఇలా వచ్చి చెప్పడానికి నేనుండేవాణ్ని కాదు మేడం," అన్నాడు. ఆమె తల వంచుకుని విన్నది.

రిపోర్టు కొత్తగా రాసింది. మొదటి వాక్యం: "ఏడో నంబరు కార్డును పన్నెండుకు కాపీ చేసినప్పుడు పాచిక అంకె మార్చకపోవడం నా పొరపాటు." డ్రైవరు బజరుకు గుడ్డ కట్టిన సంగతి కూడా రాసింది. బజరు చప్పుడు భరించలేనంత ఉందనీ, తగ్గించాలనీ దాని కిందే రాసింది. కొత్త డబ్బాలన్నిటికీ పసుపు దీపం తిరిగి పెట్టాలని రాసింది. కారణం కనుగొన్నవారు అనే గడిలో ట్యాంకరు డ్రైవరు పేరు, ఇంటిపేరుతో సహా, అందంగా రాసింది.

సోమవారం తనిఖీ వాళ్ల ముందు పెట్టిన టైపు ప్రతిలో ఆ గడిలో "ఇంజనీరింగ్ విభాగం" అని ఉంది. ఆమె అడిగింది. డ్రైవర్ల పేర్లు ఆ గడిలో రాయరమ్మా, పద్ధతి కాదు అన్నారు. రెండోసారి అడిగింది. ఉత్తరం రాసింది. మెమోకు జవాబు వచ్చింది గానీ ఉత్తరానికి రాలేదు.

బాబాయ్ ఇప్పటికీ ఏడు నడుపుతున్నాడు. బజరు మెత్తబడింది. కర్చీఫు ఇప్పుడు మెడకే ఉంటుంది. కొత్త డబ్బాలకు పసుపు దీపం వచ్చింది. మరుసటి సంవత్సరం రోడ్డు పొడుగునా పైపులు వేసి, నీళ్లు వాటంతట అవే చిమ్మేలా చేశారు. ట్యాంకరు అక్కర్లేకపోయింది. జల్లు మామ తన టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఏదో చెప్పబోయాడు. వాచ్‌మన్ "సరేలే మామా, మళ్లీ రా" అని తలుపు వేసేశాడు. ఆయన తలూపి వెళ్లిపోయాడు. చిట్టికి ఆ సంగతి మర్నాడు తెలిసింది. ఆ చివరి మాట ఏమిటో ఎవరికీ తెలియదు.

పసుపు దీపంతో సహా ఇలాంటి డబ్బాలు ఇప్పుడు మామూలు రోడ్ల మీది బండ్లలోకీ వస్తున్నాయి. ఇది చదివే మీరు ఎప్పుడైనా మలుపు తిరగబోతుండగా మీ బండి ముందే హెచ్చరించి, మీరు బ్రేకు తొక్కి, ఎదురుబండి మీ పక్కనుంచి క్షేమంగా వెళ్లిపోతే, ఒక్క క్షణం ఆగండి. ఏ కాగితం మీదా పేరు మిగలని ఆ ట్యాంకరు డ్రైవరును, ట్రిప్పు షీటు అంచున పెన్సిలుతో చుక్కలు పెట్టిన ఆ జల్లు మామను తలుచుకోండి.